నడిమి గోడకు పట్టిన బూజు

మా ఇంటికీ మా యారాలి ఇంటికీ మధ్య ఒకటే గోడ. యారాలంటే తోడికోడలు, మా మరిది భార్య. ఆ గోడకు నా వైపు నల్లగా బూజు పట్టింది. ఆమె వైపు తెల్లగా, నిన్ననే సున్నం కొట్టినట్టు ఉండేది. ఒకటే గోడ, ఒకటే మట్టి, ఒకటే వాన, బూజు మాత్రం నా ఒక్కదానికే. నారాయణఖేడ్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ గోడను చూసి కుళ్ళుకున్నంతగా నేను ఎవరి నగలు చూసీ, ఎవరి పొలాలు చూసీ కుళ్ళుకోలేదు. ఎందుకంటే ఆ బూజు సాకుతోనే మా అత్తమ్మ బొంత చుట్ట పెట్టుకుని నా ఇంట్లోంచి లేచి ఆ ఇంటికి వెళ్ళిపోయింది.

ఇల్లు పాతది. రాయీ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలు, పైన మట్టి మిద్దె. మామ పోయాక అన్నదమ్ములిద్దరూ దాన్ని పంచుకున్నారు. పంపకానికి వచ్చిన పెద్దమనుషులు నడిమి గోడ ఇద్దరిదీ అన్నారు, ఒకరికి చెప్పకుండా ఒకరు దానికి మేకు కూడా కొట్టకూడదన్నారు. నా వంతుకు ఒక పెద్ద గది, ఒక వంటగది, ముందు కాస్త వాకిలి వచ్చాయి. మా ఆయన మనూర్ అవతల ఒక పల్లెలో బడిపంతులు. పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాక దిగేవాడు. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. అత్తమ్మ ఎవరి దగ్గర ఉండాలన్న మాట ఆ పంపకంలో రానే లేదు. ఆమె నాతోనే ఉంటుందని అందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువ నాకు తెలుసు.

నాకు చిన్నప్పుడే అమ్మ పోయింది. అత్తలంటే కోడళ్ళను రాచి రంపాన పెడతారని విని భయపడుతూ వచ్చినదాన్ని. ఈమె నా చేత జొన్నరొట్టె చేయించి, అది అట్లకాడకు అంటుకుని ముక్కలైతే ఆ ముక్కలే ఏరుకుని తిని, బాగుందని అబద్ధం చెప్పింది. ఆ రోజు నుంచి ఆమె నాది. చిన్నది, అంటే యారాలు, కోడలిగా వచ్చేసరికే మేమిద్దరం పాతబడిపోయాం. సాయంత్రాలు నేను మిషన్ తొక్కుతుంటే అత్తమ్మ పక్కన కూర్చుని హుక్కులు కుట్టేది. ఇద్దరం ఊళ్ళోవాళ్ళ ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళం. చిన్నదాని ముచ్చట్లు కూడా చెప్పుకునేవాళ్ళమనుకోండి, ఎక్కువగా నేనే చెప్పేదాన్ని.

అత్తమ్మకు దమ్ము, అంటే ఉబ్బసం, ఉండేది. వానాకాలం వస్తే గొంతులో పిల్లి కూసేది. ఒక ఏడు వానలు ఆగకుండా కురిశాయి. నడిమి గోడ మీద, అత్తమ్మ మంచం తలవైపు, ముందు అరచేతంత మరక పడింది. వానలు వెళ్ళేసరికి అది గోడ సగానికి ఎగబాకింది. తుడిస్తే పోయేది, వారానికి మళ్ళీ వచ్చేది. గదంతా ముక్కిన బియ్యం వాసన. దవాఖానలో డాక్టరమ్మ, ముసలామెను ఆ గదిలో పడుకోనివ్వద్దని కసిరింది. నాకున్నది ఆ ఒక్క గదే కదా, వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టలేను కదా అని నేను ఆలోచిస్తుండగానే అత్తమ్మ తన బొంతా, మందుసీసా తీసుకుని చిన్నదాని గడప ఎక్కేసింది. నాలుగు రోజులుండి వస్తుందనుకున్నాను. చలికాలం పోయింది, ఎండలూ వచ్చాయి, ఆమె రాలేదు.

గోడ మందంగానే ఉండేది గానీ నవ్వును ఆపేంత మందం కాదు. నేను ఇవతల మిషన్ ముందు కూర్చుంటే అవతల అత్తమ్మ నవ్వు వినిపించేది. నా దగ్గర అంత నవ్వేదా అని లెక్కలు వేసుకునేదాన్ని. నా గురించే ఏదో అనుకుని నవ్వుకుంటున్నారని గట్టిగా నమ్మేదాన్ని. మిషన్ ఆపి వింటే మాట తెలిసేది కాదు, నవ్వు ఒక్కటే తెలిసేది. దానికి తోడు చిన్నది అత్తమ్మ కోసం గదిలోనే ఒక మూలన జాలారి కట్టించింది. స్నానానికీ గిన్నెలకూ ఇంట్లోనే కట్టుకునే గచ్చును మా వైపు జాలారి అంటారు. ముసలామె చలిలో వాకిట్లోకి నడవకూడదట. చుట్టూ షాబాదు బండలు, మధ్యలో కూర్చోవడానికి ఒక పీట. ఆ ముచ్చటను వాడకట్టు వాడకట్టంతా వచ్చి చూసిపోయింది. నాకూ చూడాలనిపించింది, చూడలేదు.

అత్తమ్మను తెచ్చుకోవాలంటే ముందు బూజు పోవాలి. నాకు తెలిసిన దారి అదొక్కటే. మరి బూజు తీసేవాణ్ణి ఎవర్ని పిలవాలి? మా ఊళ్ళో పనివాణ్ణి పెట్టుకునే ముందు ఎవరి ఇంట్లో పని చేశాడో అడిగి, ఆ ఇంటికి వెళ్ళి గోడ తట్టి చూసి, ఆ ఇంటావిడతో నాలుగు మాటలు మాట్లాడి అప్పుడు రమ్మంటారు. అది మంచి పద్ధతే. నేను ఎవర్ని అడిగినా ఒకటే మాట చెప్పారు. మీ చిన్నదాని ఇంట్లో చేసిన మేస్త్రీ చాచా ఉన్నాడు కదా, ఆమె గోడ చూడు ఎట్లుందో, ఇంకొకర్ని ఎందుకు వెతుకుతున్నావన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ పుండు మీద కారం చల్లినట్టుండేది. ఆమె చాయ్ తాగి, ఆమెను మెచ్చుకుని వచ్చిన మనిషి నా గోడ ముట్టుకోవడమా? అందరూ ఎవరింట్లో చేశాడో చూసి పిలిస్తే, నేను ఆ ఒక్క ఇంట్లో చేయనివాడెవడో చూసి పిలవడం మొదలుపెట్టాను.

మొదట బస్టాండు దగ్గర రంగుల దుకాణం సేఠ్‌ను అడిగాను. ఆయన గోడ చూడలేదు, ఎప్పటి నుంచి ఉందనీ అడగలేదు. ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టి, ఇది కొడితే బూజు జన్మలో రాదన్నాడు. తనే ఒక పెయింటర్‌ను పంపించాడు. అతను పొడి బ్రష్షుతో బూజంతా దులిపాడు. నల్లటి దుమ్ము లేచి గిన్నెల మీద, నేను కుట్టి మడత పెట్టిన జాకెట్ల మీద పడింది. మా ఆయనా నేనూ రెండు రోజులు దగ్గాం. ఆ పైన ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ వేశాడు. గోడ మెరిసిపోయింది. వెంటనే వాకిలి తలుపులు బార్లా తెరిచి పెట్టాను, చిన్నది అటుగా పోతే కనపడాలని. ఆమె నిజంగానే ఆగి చూసి, రంగు మస్తుందక్కా అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని రాత్రంతా వెతికాను. దొరకలేదు, అందుకు ఇంకా ఒళ్ళు మండింది.

తొలకరి పడ్డాక ఆ రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. గోరుతో ఒకటి గిల్లితే లోపలి నుంచి నీళ్ళు కారాయి. పెచ్చు ఊడిన చోట బూజు ఇదివరకటికంటే చిక్కగా ఉంది. సేఠ్ దగ్గరికి పోతే పెయింటర్ సరిగ్గా కొట్టలేదన్నాడు. పెయింటర్ దగ్గరికి పోతే డబ్బా నకిలీదన్నాడు. ఇద్దరూ చేతులు దులుపుకున్నారు.

ఈలోగా మా ఆయన నాకు చెప్పకుండా మేస్త్రీ చాచాను తీసుకొచ్చాడు. తెల్ల గడ్డం, నెత్తిన టోపీ, మొహం నిండా చిరాకు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట మాతో సమానంగా తెలుగు. నోటి దురుసు మనిషని ఊరంతా చెప్పుకునేది. నేను ఆయనకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆయనా అడగలేదు. గోడ దిక్కు చూడకముందే ఇంట్లో దమ్మున్నోళ్ళు ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. ఉన్న మనిషి ఇప్పుడు పక్కింట్లో ఉందని మా ఆయన చెప్పాడు. చాచా గోడకు చెయ్యి ఆనించి, కిందా పైనా తట్టి, ఆ ఆకుపచ్చ రంగు వేసినవాణ్ణి ఒక బూతు తిట్టి, అవతలి వైపు చూడాలన్నాడు. నా గోడకు నా వైపు పని చెయ్యి, అటు పోవాల్సిన పని లేదన్నాను.

"అటు సూడకుండ ఇటు చెయ్యి పెట్ట బిడ్డా. పెట్టెటోడు దొరుకుతడు, వాణ్ణే పిలుసుకో," అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

చూశావా ఎంత పొగరో, చిన్నదాని మనిషి కదా అన్నాను మా ఆయనతో. మా ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. ఆయనకు గొడవ ముదురుతుందనిపిస్తే వెంటనే కాళ్ళు కడుక్కోవాలనిపిస్తుంది.

చాచా అన్నట్టే, పెట్టేవాడు దొరికాడు. బీదర్ నుంచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మోటారు సైకిలు, మాటకు ముందొక మేడం, వెనకొక మేడం, మధ్యలో కన్నడం. చేతిలో చిన్న మిషన్, దాన్ని గోడకు ఆనిస్తే కీచుమని ఏడ్చేది. ఎంత గట్టిగా ఏడిస్తే అంత చెమ్మ ఉన్నట్టట. నా గోడకు పెడితే చెవులు గింగురుమన్నాయి. పదేళ్ళ గ్యారంటీ రాసిస్తానన్నాడు. అటువైపు చూడాలా అని నేనే భయం భయంగా అడిగాను. అక్కర్లేదు మేడం, అటువైపు మీకంటే ఘోరంగా ఉంటుంది, పైకి కనపడదంతే, లోపల కుళ్ళి ఉంటుందన్నాడు. నా చెవిలో అమృతం పోసినట్టయింది. ఆ ఒక్క మాటకే పని అతనికి ఇచ్చేయాలనుకున్నాను. మా ఆయన ఆ రోజు ఇంట్లో ఉండటం నా అదృష్టమో దురదృష్టమో. ఆ మిషన్ ఇటివ్వు బాబూ అని తీసుకుని వంటింట్లో పొయ్యి వెనక గోడకు ఆనించాడు. ఆ గోడ మీద అప్పడం పెడితే కాలుతుంది. మిషన్ అక్కడ కూడా అంతే గట్టిగా ఏడ్చింది. బీదర్ మనిషి బ్యాటరీ అని ఏదో గొణిగి, మళ్ళీ వస్తానని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. నాకు మాత్రం అతను చిన్నదాని గోడ గురించి చెప్పింది నిజమై ఉండొచ్చుననే ఆశ చాలా రోజులు పోలేదు.

ఇంకో వానాకాలం అట్లాగే గడిచింది. బూజు ఇప్పుడు బీరువా వెనక్కి కూడా పాకింది, నా పెళ్ళిచీర మడతల్లో తెల్ల చుక్కలు పడ్డాయి. అటు అత్తమ్మ దమ్ము తగ్గిందని, మొహంలో కళ వచ్చిందని జనం వచ్చి నాకే చెప్పేవాళ్ళు. చిన్నది బాగా చూసుకుంటోందని కూడా అనేవాళ్ళు. ఇంతకాలం నేనేం పస్తులు పెట్టానా అని అడగాలనిపించేది. చివరికి సంక్రాంతి వెళ్ళాక ఒక పొద్దున నేనే చాచా ఇంటికి కబురు పంపాను. అటువైపు చూడమన్నానని కూడా చెప్పించాను. ఆ రెండో మాట చెప్పించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

చాచా వచ్చాడు. నా వైపు గోడ ముట్టుకోకుండా నేరుగా చిన్నదాని ఇంట్లోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. చాయ్ తాగుతున్నాడని నేను ఇక్కడ ఉడుకుతున్నాను. తిరిగి వచ్చినప్పుడు ఆయన మొహం ఇంకా మాడిపోయి ఉంది. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"గా జాలారి నేను కట్టిందే. తప్పు నాదే. బండల సందులకెళ్ళి నీళ్ళు గోడలకు దిగుతున్నయ్. అటు బండ ఉన్నది, సిమెంటు ఉన్నది, బయటికి రానియ్యది. ఇటు మీది మన్నుగోడ, ఇటే ఎల్తున్నయ్. మొదలు వాన నెమ్మే గని, ఇప్పుడు గిదంత గా ముసలామె తానం చేసిన నీళ్ళే."

ఆ మాటల్లో రెండు సంగతులున్నాయి. ఆ నీళ్ళు అత్తమ్మవన్న రెండోది వదిలేసి నేను మొదటిది ఒక్కటే విన్నాను. చిన్నదాని జాలారిలో తప్పుంది! ఊరంతా చూసి మెచ్చుకున్న ఆ జాలారి, ఆ షాబాదు బండలు, అవే నా గోడను కుళ్ళబెట్టాయి. ఆ క్షణాన చాచా నాకు దేవుడిలా కనిపించాడు. మంచినీళ్ళిచ్చాను, చాయ్ పెట్టాను, బెల్లం వేసి మరీ పెట్టాను. తన పని తప్పని తనే చెప్పినవాడు నమ్మదగిన మనిషని ఇప్పుడు ఎవరైనా అడిగితే చెబుతాను. ఊపిరి ఆడని మనిషి ఉందా అని ముందు అడిగేవాణ్ణి, గోడ రెండో వైపు చూడందే పని ఒప్పుకోనివాణ్ణి పెట్టుకొమ్మనీ చెబుతాను. కానీ ఆ రోజు నేను ఆయన్ని నమ్మింది అందుకు కాదు. చిన్నదాని ఇంట్లో తప్పు పట్టుకొచ్చాడని నమ్మాను.

జాలారి తీసేయాలి, గోడ ఎండాకాలమంతా ఎండాలి, నా వైపు ఆయిల్ పెయింటూ పైపూతా గీకి పారేసి సున్నంతో మళ్ళీ పూయాలి. చాచా చెప్పిన మందు ఇంతే, డబ్బా లేదు, మిషనూ లేదు. నేను జుట్టు ముడేసుకుని, చీర సర్దుకుని చిన్నదాని ఇంటికి బయల్దేరాను. నడిమి గోడ మీద పెద్దమనుషుల మాట ఉంది, నాకు చెప్పకుండా దానికి నీళ్ళు తగిలించే హక్కు ఆమెకు లేదు. ఏళ్ళ తరబడి మనసులో దాచుకున్న మాటలన్నీ ఆ రోజు ఆమె మొహం మీద పెట్టాలనుకున్నాను. ఆమె తలుపు దగ్గరే నిలబడి అంతా విని, అయ్యో, నాకు తెల్వదక్కా, రేపే పలగ్గొట్టిస్త అంది. అంతే. కనీసం తగువు పడే భాగ్యం కూడా ఇవ్వలేదు మనిషి.

తర్వాత ఆమె అత్తమ్మ మంచం వైపు చూసి, మరి ఈమె స్నానం ఏడ చేస్తదక్కా అని అడిగింది. నా ఇంట్లో చేస్తుందన్నాను. ముందు అనుకున్న మాట కాదు, నోటికి వచ్చేసింది. వచ్చాక మాత్రం ఇంతకంటే మంచి మాట నా నోట ఎప్పుడూ రాలేదనిపించింది. చాచాతో చెప్పి నా వంటింట్లో వెనక మూలన, బయటి గోడకు కూడా తగలకుండా జానెడు దూరంలో జాలారి కట్టించాను. నీళ్ళు కాలువ గుండా నేరుగా ఇంటి బయటికి పోయేలా ఏటవాలు పెట్టించాను. పీట చిన్నదాని దానికంటే వెడల్పు చేయించాను.

గోడ గీకేటప్పుడు ముసలామె రెండిళ్ళలో ఏ ఇంట్లోనూ ఉండొద్దన్నాడు చాచా. ఆమెను సిర్గాపూర్‌లో ఆడబిడ్డ ఇంటికి పంపాం. చాచా ముక్కుకు తువ్వాలు కట్టుకుని, నన్నూ కట్టుకొమ్మని కసిరి, గోడను తడిపి తడిపి గీకించాడు, పొడిగా ఒక్క రేకు కూడా రాలనివ్వలేదు. రాలినదంతా తడి గోనెలో మూట కట్టించి ఊరి బయట పారేయించాడు. తర్వాత నెలల తరబడి ముట్టుకోనివ్వలేదు. తలుపులు తెరిచి పెట్టు, బీరువా దూరం జరుపు, ఎండకు ఎండనియ్యి, ఇదే పాట. నాకు తొందర. అత్తమ్మ సిర్గాపూర్ నుంచి వచ్చేలోగా తెల్లగోడ చూపించాలి. ఆయనకు తొందర లేదు. సున్నం పూసేసరికి మృగశిర దగ్గరపడింది.

అత్తమ్మ ఆటో దిగిన రోజు నేను గుమ్మంలో ఎదురుచూస్తూ నిలబడ్డాను. లోపల ఆమె మంచం పాత చోటే వేసి, దుప్పటి ఉతికి పరిచాను. ఆమె నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది, చిక్కిపోయావంది. తర్వాత సంచి పట్టుకుని చిన్నదాని ఇంట్లోకి పోయింది.

స్నానానికి మాత్రం రోజూ వచ్చేది. నేను తెల్లారకముందే కాగు ఎక్కించి నీళ్ళు కాచేదాన్ని. వీపు రుద్దేదాన్ని, ఆమె ఊళ్ళో ముచ్చట్లు చెప్పేది. స్నానమయ్యాక తడి జుట్టు తువ్వాలులో చుట్టుకుని అటు పోయేది. కాసేపటికి గోడ అవతల చిన్నది ఆమె జుట్టు దువ్వుతూ ఏదో అనడం, ఈమె నవ్వడం వినిపించేది. వేడినీళ్ళు కాచే శ్రమంతా నాదై, ఆ నవ్వు చిన్నదానిదవుతోందని నాకు మళ్ళీ మండటం మొదలైంది.

వానలు పట్టాయి. ముసురు పెట్టి వారం కురిసింది. గోడ మీద చుక్క మరక లేదు. ముక్కు ఆనించి చూస్తే సున్నం వాసన తప్ప ఇంకో వాసన లేదు. ఒక పొద్దున స్నానం చేయించాక అత్తమ్మను చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకొచ్చి గోడ చూపించాను. ఆమె అరచేయి పెట్టి చూసింది, వాసన చూసింది, చాచా మంచిగ చేసిండంది. ఇంక ఆగలేకపోయాను. గోడ ఎండిపోయింది కదా, ఇంకా ఎందుకు రావు, ఏం తక్కువ చేశానని అడిగాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

అత్తమ్మ మంచం మీద కూర్చుంది. తువ్వాలు కొసతో చెవులు తుడుచుకుంది. దమ్ము వల్ల కాదు, మామూలుగానే ఆమె మాట నెమ్మది.

"గోడకని పోలే బిడ్డా నేను. దమ్ము గీడుంటె గీడ వస్తది, గాడుంటె గాడ వస్తది. నీ తాన కూసుంటే పొద్దంత చిన్నదాని ముచ్చటనే. అది ఏం వండింది, అది ఏం కట్టింది, అది ఎవలతోని మాట్లాడింది. ఇనీ ఇనీ పానం ఇసిగిపోయింది. గాడ నీ పేరే ఎత్తరు. ఇగ నిద్ర పడ్తది."

ఆమె నన్ను వదిలి ఎందుకు పోయిందో చెప్పింది, ఆ మాటకు ఏడవాల్సింది. కానీ నా మనసు అక్కడ ఆగలేదు. అక్కడ నా పేరే ఎత్తరట. ఇన్నేళ్ళూ గోడ అవతలి నుంచి వచ్చిన ఆ నవ్వుల్లో ఒక్క నవ్వన్నా నా మీద కాదట. నేను రోజంతా చిన్నదాన్ని తలుచుకుని ఉడికిపోతుంటే, ఆమెకు ఒక పూటన్నా నేను గుర్తుకు రాలేదట. అత్తమ్మ లేచి, తల ఆరలేదు, చిన్నది దువ్వుతదని చెప్పి గడప దాటింది. నేను కాగు కింద మిగిలిన నిప్పు మీద నీళ్ళు చల్లాను.